గడియ అందని గేటు

మా వీధి వెల్డర్ గారు ఆరడుగుల మనిషి. తన జానా మూరా ఉండగా టేపెందుకంటారు. అలాగే కొలిచి, భార్య పూలతోటకి కానుకగా గేటు చేశారు. ఇనప కడ్డీల మీద పూలతీగ పాకించి, ఒక్కో ఆకుకీ ఈనెలు దిద్ది, తీగ కొసనే గడియగా మలిచారు. తీరా బిగించాక, ఆవిడ మునివేళ్ల మీద లేచినా గడియ అందలేదు.

“ఇది నాకు చేశారా, మీకు చేసుకున్నారా?”

“దించాలంటే తీగంతా కొయ్యాలే,” అని గొణిగి, మర్నాడు గేటు బయటివైపు సిమెంటు మెట్టు కట్టారు. వీధంతా నవ్వింది. ఆవిడ మాత్రం దర్జాగా మెట్టెక్కి, గడియ తీసి తోటలోకెళ్లింది. ఆయన ముచ్చటపడి బయటినుంచి గడియ పెట్టారు.

“బాగుంది. మరి నేను బయటికెలా రావాలి?”

వెల్డర్ గారు మళ్లీ సిమెంటు కలిపారు. కలిపి, “ఏదీ, నీ చెయ్యి ఇలా పెట్టు,” అన్నారు. ఈ లోపలి మెట్టుని ఆవిడ జానతో కొలిచారు.