ఆ ఆదివారం ఘాటు ఎటు పోయింది?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పటి నుంచీ లేదు. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్‌కి వెళ్ళే రోజుల్లో, బాత్‌రూమ్‌లో గజ్జెల చప్పుడని హాస్టల్ అమ్మాయిలు గోల చేస్తే, లైటు వేసి కారుతున్న పైపు చూపించి వచ్చినదాన్ని. పైగా చదివింది కెమిస్ట్రీ. ఇది చదివి "ఈ పిల్లకి మతి పోయింది" అనుకునేవాళ్ళ మీద నాకేం కోపం లేదు. ఇంకెవరైనా చెప్తే నేనూ అలాగే అనేదాన్ని.

మాది గుంటూరు దగ్గర ఒక పల్లె. తాతల కాలంలో దూది ఏకి బతికిన దూదేకుల ఇల్లు. అమ్మా నాన్నా ఇంట్లోనే ఉన్నా, నన్ను పెంచింది మా నాయనమ్మ. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆవిడ పక్కన కూర్చుంటే చీర ఘాటుకే తుమ్ములొస్తాయి.

నాయనమ్మకి ఏ జబ్బుకైనా ఒకటే వైద్యం, దిష్టి. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తుంది. ఘాటు లేచి ఇంట్లోవాళ్ళంతా దగ్గితే దిష్టి లేనట్టు. కాయలు మాడి బొగ్గయినా ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు. నేను పోలాండ్ వచ్చాక, ఇంట్లో వదిలేసిన నా పాత చున్నీకి ప్రతి ఆదివారం దిష్టి తీయడం మొదలుపెట్టింది. వింటే నవ్వొచ్చేది.

నేనుండేది క్రాకోవ్ నగరంలో, ఓ పాత మేడ మూడో అంతస్తులో. పొద్దున క్లాసులు, సాయంత్రం ఒక బేకరీలో ట్రేలు సర్దే పని, వచ్చి ఇంత పప్పూ అన్నం. ఇల్లు పంచుకున్నది మార్తా అని అక్కడి అమ్మాయే. బంగారం లాంటి పిల్ల. కారానికి మాత్రం ఆమడ దూరం. ఒకసారి నా పప్పు ఒక్క చెంచా తిని గ్లాసెడు పాలు తాగి, మొహం ఎర్రగా చేసుకుని కూర్చుంది. అప్పటి నుంచి తను ఇంట్లో ఉండగా నేను ఎండుమిర్చి తాలింపు పెట్టలేదు.

మా బాత్‌రూమ్‌లో నీళ్ళు కాచే గ్యాస్ హీటరు ఉండేది. దాని పైన గోడలో, గాలి పోవడానికి చిన్న కన్నం. చలికాలం ముదిరాక ఆ కన్నంలోంచి గాలి ఈటెలా దిగేది. ఎండల్లో పుట్టి పెరిగిన ఒళ్ళు, తట్టుకోలేకపోయాను. పాత దిండు చింపి, దూది తీసి ఆ కన్నంలో బిగించి కూరేశాను. దూదేకులవాళ్ళ పిల్లనని తెగ గర్వపడ్డాను కూడా. మార్తాకి చెప్పలేదు.

ఆ తర్వాతే నాకు తలనొప్పులు మొదలయ్యాయి. చలికే అనుకున్నాను. పరీక్షల టెన్షన్ అనుకున్నాను. కెమిస్ట్రీ చదివినదాన్ని, ఆ హీటరు సంగతి ఒక్కసారీ అనుకోలేదు. సిగ్గుతో చెప్తున్నా.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున నాయనమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, ఆ తలనొప్పి ఇంకా తగ్గలా? నీకు గట్టి దిష్టే తగిలిందే పిల్లా. సాయంత్రం మళ్ళీ తీస్తాలే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అక్కడ చున్నీకి దిష్టి తీస్తే ఇక్కడ నా తల నొప్పి తగ్గుద్దా నాయనమ్మా? ఇక చాలు, ఆపెయ్ ఆ పిచ్చి పనులు!" అని అరిచాను.

ఆవిడ "సరేలే తల్లీ" అని పెట్టేసింది. నేను తిరిగి చేయలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మార్తా స్నానానికి వెళ్ళింది. నేను మంచం మీద వాలాను. తల దిమ్ముగా ఉంది. నిద్ర కాదు, అదేదో హాయి. లేవాలని కూడా అనిపించని హాయి. బాత్‌రూమ్‌లో నీళ్ళ చప్పుడు ఆగిపోవడం మాత్రం గుర్తుంది.

అప్పుడు గొంతులో భగ్గుమంది.

మిరపకాయ ఘాటు. అదీ ఇదీ కాదు, నిప్పుల్లో పడ్డ తేజా కాయ ఘాటు. మా ఇంటి ఘాటు. దగ్గు ఆగలేదు, కళ్ళూ ముక్కూ ఏకధారగా కారాయి. స్టవ్ మీద ఏదో మాడుతోందని వంటింట్లోకి తూలుకుంటూ పరిగెత్తాను. స్టవ్ ఆరిపోయి ఉంది. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. నా కారం డబ్బా అయిపోయి అప్పటికి వారం.

ఘాటు లేస్తే మా ఊళ్ళో ఎవరైనా చేసేది ఒకటే. తలుపులూ కిటికీలూ బార్లా తీశాను.

అప్పటికి బాత్‌రూమ్‌లోంచి దగ్గు వినిపిస్తోంది. మార్తా టవల్ చుట్టుకుని, గోడ పట్టుకుని బయటికొచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడింది. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. కోటు కప్పి మెట్ల మీదికి లాక్కొచ్చి 112కి ఫోన్ చేశాను. ఆ కాల్ నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. ఒంటిగంట నలభై రెండు.

ఫైర్‌వాళ్ళు మీటరు పట్టుకుని లోపలికి వెళ్ళారు. హీటరు వదిలిన విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్. కన్నంలోంచి నా దూది ఉండ లాగి చూపించారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదన్నారు. ఆ వాయువుకి వాసన ఉండదు, ఘాటు ఉండదు. నా కెమిస్ట్రీ పుస్తకంలో మొదట చెప్పేది అదే.

ఆసుపత్రిలో డాక్టరు మా గొంతులు చూసి, "మీ మీద పెప్పర్ స్ప్రే ఎవరు కొట్టారు?" అని అడిగింది. మార్తా నా వైపు వేలు చూపించి, టబ్బులో కళ్ళు మూతలు పడుతుంటే నా వంట ఘాటుకే మెలకువ వచ్చిందని చెప్పింది. నేను వంట చేయలేదని ఆమె ఇప్పటికీ నమ్మదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. నేనింకా ఏమీ చెప్పలేదు. "పొద్దున నువ్వేమన్నావో ఏమో, మీ నాయనమ్మ అన్నం ముట్టలా. మగ్రిబ్ అజాన్ అవ్వగానే నీ చున్నీకి దిష్టి తీసింది. గుప్పెడు వేసింది, ఘాటు రాలా. ఇంకో గుప్పెడు వేసింది, రాలా. ఒక్కళ్ళకి తుమ్ము కూడా రాలేదే! పొయ్యి ముందు కూర్చుని ఒకటే ఏడుపు" అంది.

మగ్రిబ్ అజాన్ అంటే పొద్దుగూకే వేళ నమాజు పిలుపు, అక్కడ సాయంత్రం ఆరు. ఇక్కడ ఒంటిగంటన్నర.

నేను చాలా రకాలుగా ఆలోచించాను. కాయలు చెమ్మగిల్లాయేమో అనుకున్నాను. అదే సంచీలో కాయలతో రాత్రి పచ్చడి నూరితే నోళ్ళు మండిపోయాయట. కింద ఇంట్లో ఎవరైనా వండారేమో అనుకున్నాను. ఆ ఇల్లు అక్టోబరు నుంచి ఖాళీ. మోనాక్సైడ్ వల్ల భ్రమ అనుకున్నాను. ఇద్దరికీ ఒకే భ్రమా? డాక్టరు చూసిన గొంతులు భ్రమా?

నాయనమ్మకి ఫోన్లో క్షమాపణ చెప్దామనుకున్నాను. నోరు తెరవగానే ఏడ్చేశాను. "ఊరుకోవే, తలనొప్పి తగ్గిందా లేదా?" అని మాత్రం అడిగింది.

తగ్గింది.

దిష్టిని నమ్ముతున్నానా అంటే చెప్పలేను. కానీ ఇప్పుడు ప్రతి ఆదివారం ఒంటిగంటన్నరకి వీడియో కాల్ నేనే చేస్తాను. నాయనమ్మ నా చున్నీ చుట్టూ మూడుసార్లు తిప్పి కాయలు నిప్పుల్లో వేస్తుంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తాను. అమ్మ దగ్గుతుంది, నాన్న తుమ్ముతాడు, నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తిట్టుకుంటూ నవ్వుతుంది. అక్కడ అందరూ దగ్గేదాకా నేను ఫోన్ పెట్టను.