బెలూన్ దిగిన ఊరికి

జనవరిలో ఒక శనివారం ఉదయం ఏడింటికి ఖమ్మంలో కొత్తగూడెం బస్సెక్కాం. నేను భౌతికశాస్త్రం టీచర్ని. నాతో పదో తరగతి అమ్మాయిలు ఇద్దరు, భారతి, లలిత. లలిత ఒళ్లో థర్మోకోల్ పెట్టె. గాలి వేడిని, తేమను, ఒత్తిడిని నమోదు చేసే చిన్న యంత్రం, అది ఎక్కడుందో ఫోనుకు తెలిపే జీపీఎస్ అందులో ఉన్నాయి. రెండు నెలలు కూర్చుని వాళ్లే తయారుచేశారు.

భారతి వాళ్ల నాన్న రెండేళ్ల కిందట పత్తిచేలో పిడుగు పడి చనిపోయాడు. "మబ్బు లోపల ఏముంటది సార్?" అని ఆమె క్లాసులో అడిగిన రోజే ఈ పని మొదలైంది.

ఎనిమిదిన్నరకు జూలూరుపాడులో దిగాం. బెలూన్ ఎగరేయడానికి అనుమతి ముందే తీసుకున్నాం. తొమ్మిదిన్నరకు అక్కడి బడి మైదానం నుంచి, పెట్టె కట్టిన బెలూన్ వదిలితే తూర్పుకు సాగిపోయింది. బాగా పైకెళ్లి బెలూన్ పగిలితే, పెట్టె చిన్న పారాచూట్‌తో కిందికి దిగుతుంది. అదే దిక్కున వెళ్లే భద్రాచలం బస్సు పట్టుకున్నాం.

పక్క సీటు ముసలాయన అడిగాడు, "ఫోన్ల ఏం చూస్తున్నవ్ బిడ్డా?"

"పైకి పంపిన మిషిన్ యాడ దిగుతదో చూస్తున్న తాతా," అంది భారతి.

"దొరుకుతదా?"

"తెల్వది."

పాల్వంచ దాటాక ఫోనుకు చివరి సందేశం వచ్చింది. పెట్టె భద్రాచలం అవతల, అడవి అంచున దిగింది. ఒంటిగంటకు భద్రాచలంలో భోంచేసి, ఆటో కిరాయికి మాట్లాడుకుని వెళ్లాం. చివర్న రెండు కిలోమీటర్లు నడక.

మిర్చిచేను గట్టున ఒక పెద్దామె మా పెట్టె మీద గంప బోర్లించి కాపలా కూర్చుంది. భారతి తమ కోయ భాషలో ఆమెకు పెట్టె సంగతి, నాన్న సంగతి చెప్పింది. కాసేపటికి ఆమె నావైపు తిరిగి తెలుగులో అడిగింది.

"నా మేనల్లుడు గూడ పిడుగు పడే పోయిండు సారూ. పడేముందు గిది చెప్తదా?"

ఆ ముఖం చూసి, చెబుతుందనే అనబోయాను. భారతి అడ్డొచ్చింది.

"చెప్పదు పెద్దమ్మా. ఇయ్యాల ఉత్త గాలినే చూసింది. ఇంకా చానాసార్లు పంపాలె. అప్పుడు గూడ పక్కా చెప్పలేం."

పెద్దామె గంప తీసి పెట్టెను భారతి చేతికిచ్చింది.

"మళ్ల మా చేను కాడి నుంచే పంపుండ్రి. నేను జూసుకుంట."

అయిదింటికి తిరుగు బస్సెక్కాం. లలిత లాప్‌టాప్ తెరిస్తే, భారతి అంకెలు ఒక్కొక్కటీ మెల్లగా చదివింది. బెలూన్ పగిలిన చోట సున్నాకు ముప్పై డిగ్రీల కింద చలి.

"ఆ రోజు మా నాయన నెత్తిమీద గూడ గింత చలి ఉండెనా సార్?"

"పైన అంత ఎత్తులో ఉండే ఉంటుందమ్మా."

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇరవై ఏళ్లుగా వాతావరణం పాఠం చెబుతున్నాను. మనకు ఎంతవరకు తెలుసో, ఎక్కడినుంచి తెలియదో పిల్లలకు ఏనాడూ విడదీసి చెప్పలేదు. ఆ పని పదిహేనేళ్ల పిల్ల ఒక చేనుగట్టు మీద చేసింది, అబద్ధం ఆడితే తనకే ఊరటగా ఉండే చోట.