తాడు వదలని పోలమ్మ

బరంపురంలో ఉదయం ఐదున్నర బండి ఎక్కాను. ఉద్దానం తీరాన బడి పెట్టే వీలుందేమో చూసి రమ్మని మా మిషను బడి దొరగారు పంపారు. నా మనసు మాత్రం ఆ పని మీద లేదు. హీబ్రూ ప్రవక్తల మాటలు పిల్లలకు చదివి చెప్పడం నా వంతు. పట్టణాలు పాడవుతాయి, పొలాలు ఎండిపోతాయి అంటూ దేవుడు పేజీ పేజీకీ కోపగించుకుంటుంటే నాకు నోరు రాక, ఈ పాఠం ఇంకెవరికైనా ఇవ్వండని చెప్పేశాను. తిరిగొచ్చాక మాట్లాడదామన్నారాయన.

ఇచ్ఛాపురంలో ఎక్కిన కొబ్బరి వర్తకుడు నా చేతిలోని ప్రవక్తల పుస్తకం సంగతి అడిగాడు. ఒక కథ చెప్పాను. నలభై రోజుల్లో మీ ఊరు నాశనమని ఒక ప్రవక్త చాటాడు. జనం బుద్ధి తెచ్చుకున్నారు, దేవుడు శాంతించాడు. తన మాట తప్పిపోయిందని ప్రవక్త అలిగి కూర్చున్నాడు.

"అంత కోపమొచ్చినోడు ముందుగా కబురెందుకంపినాడు, పంతులూ? సేసీయాల గాని!" అన్నాడు వర్తకుడు.

నేను పుస్తకం మూసి సంచిలో పెట్టేశాను.

ఎనిమిది దాటాక పలాసలో దిగి, అటుకులూ బెల్లమూ తిని, ఎద్దుబండి మాట్లాడుకున్నాను. కొబ్బరితోటల మధ్య అంతా ఇసుకదారి. ఎద్దులకు నాకంటే ఓపిక ఎక్కువ. మధ్యాహ్నం మూడింటికి సముద్రపు ఒడ్డున పల్లె చేరాను. ఊరిపెద్ద తన ఇంటి వసారాలో చోటిచ్చి, చేపల పులుసుతో అన్నం పెట్టించాడు.

మర్నాడు తెల్లవారేసరికి ఒడ్డున గొడవ. అక్కడివాళ్లు వేట నుంచి రాగానే తెప్ప విప్పి దుంగలు ఆరబెడతారు. మళ్లీ తాడుతో బిగించి కడితేనే తెప్ప. ఆ తాడు చుట్ట మీద పోలమ్మ అనే ముసలామె కదలకుండా కూర్చుంది. ఎదురుగా ఆమె కొడుకు అప్పన్న తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు.

"లెగమ్మా! అందరూ ఎల్లిపోతన్నారు."

"నీరు మారింది, కనబడనేదేటి? ఎల్తే సచ్చిపోతావు! నీ తెప్ప ముక్కలైపోద్ది! నీ కళ్లు సొరసేపలు తినేత్తాయి!"

కన్నకొడుకును తిట్టే తిట్లా ఇవి! నాకు ఒళ్లు మండింది. "అంత కోపం ఎందుకమ్మా?" అన్నాను. నన్నూ కలిపి తిట్టింది గాని తాడు వదల్లేదు.

సాయంత్రం ఐదింటికల్లా మిగతా తెప్పలన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి, బుట్టల నిండా చేపలతో. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. అప్పన్న తల్లి ముఖం చూడకుండా ఇంట్లోకి వెళ్లిపోయాడు.

"నీ మాట తప్పింది కదా, సిగ్గనిపించలేదా?" అని పోలమ్మను అడిగాను, కొంచెం కొంటెగానే.

"సిగ్గేటి బాబూ? ఆడు ఇంటికాడున్నాడు." తాడు చుట్ట దగ్గరకు లాక్కుని మళ్లీ అంది. "ఆడి అయ్య పోయిన దినాన కూడా నీరు ఇలాగే మారింది. నాను సూసినాను. కొత్త పెళ్లికూతుర్ని, మొగుణ్ని ఎలాగ అడ్డుకుంటానని నోరు మూసుకున్నాను. అప్పుడు ఆడు కడుపులో ఉన్నాడు. గంజి పోసి, నవ్వుతా సాగనంపినాను."

ఆ తిట్లు ఎక్కడి నుంచి వచ్చాయో అప్పటికి గాని నాకు తెలియలేదు. నా కొంటె ప్రశ్నకు నాకే సిగ్గేసింది.

తిరుగు ప్రయాణంలో పలాసలో మధ్యాహ్నం బండి దొరికింది. కిటికీ పక్కన కూర్చుని ఆ పేజీలే మళ్లీ తీశాను. కోపం ఒక్క మాటా తగ్గలేదు. కానీ ఈసారి ప్రతి తిట్టు దగ్గరా వెళ్లొద్దని ఎవరో బతిమాలుతున్నట్టు తోచి, కళ్లు తడిశాయి. బడిలో ఆ పాఠం నేనే చెబుతాను. పోలమ్మ గొంతుతో చెప్పడం నాకు చేతనవుతుందో లేదో.