తలుపు తీసిన సాక్షి

స్థాయీసంఘం పిలిచిన సాక్షి రాకపోతే సియోల్ పార్లమెంటులో ఒక ఉత్తర్వు తయారవుతుంది. ఫలానా మనిషిని ఇన్ని గంటల లోపు వెంటబెట్టుకుని రావాలని అందులో ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని వెళ్లే గుమాస్తా ప్యో గ్వాంగ్‌సు. వయసు యాభై తొమ్మిది. ఇరవై రెండేళ్లలో అరవై పైచిలుకు ఇళ్ల ముందు నిలబడ్డాడు. ఒక్కరినీ తీసుకురాలేదు.

ఆ ఉత్తర్వుకు చేతులు లేవు. తలుపు తొయ్యకూడదు, మనిషిని ముట్టకూడదు. అయిదేసి నిమిషాల తేడాతో మూడుసార్లు బెల్లు కొట్టాలి, ఫొటో తీసుకోవాలి, ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాలి. లోపలి నుంచి పనిమనిషి గొంతు వినిపిస్తుంది: అయ్యగారు ఊళ్లో లేరు. ఆ మాట అంటుంటే వెనక అయ్యగారి దగ్గు వినిపించిన ఇళ్లు కూడా ఉన్నాయి. ప్యో దాన్ని రిపోర్టులో రాయడు. 'సాక్షి ఇంట్లో లేరని చెప్పారు' అని మాత్రం రాస్తాడు. అది అబద్ధం కాదు.

పార్లమెంటు ఏటా జరిపే తనిఖీలో, ఆ అక్టోబరులో కార్మిక వ్యవహారాల సంఘం ముందుకు ఒక పరుపుల ఫ్యాక్టరీ సంగతి వచ్చింది. దక్షిణాన ఒక చిన్న ఊళ్లో మంటలు లేచి ఏడుగురు పోయారు. వెనక తలుపుకు బయటి నుంచి తాళం వేసి ఉంది. తాళంచెవి షిఫ్టు ఇన్‌చార్జి దగ్గర ఉండేదని కంపెనీ రాతపూర్వకంగా జవాబిచ్చింది. ఆ ఇన్‌చార్జి కూడా ఆ మంటల్లోనే పోయాడు. ఆయన భార్య పేరు కూ మ్యోంగ్‌సూన్.

విచారణకు ఏడు కుటుంబాలూ వచ్చాయి. ఆరు కుటుంబాల వాళ్లు గది బయట ఒక బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు. మ్యోంగ్‌సూన్ మంచినీళ్ల మెషీను పక్కన ఒక్కతే కూర్చుంది. జవాబు బయటికి వచ్చినప్పటి నుంచి వాళ్లు ఆమెతో మాట్లాడటం లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కంపెనీ ఛైర్మన్ బ్యన్ సాంగ్‌గ్యు ఆ గదిలో నోరు విప్పి చెప్పాలి. ఉదయం పదింటికి ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మధ్యాహ్నం నాలుగు లోపు వెంటబెట్టుకు రమ్మని ఉత్తర్వు వేశారు.

ప్యో కాగితాన్ని కవర్లో పెట్టుకుంటుంటే ఆమె లేచి వచ్చింది.

"తీసుకొస్తారా, సార్?"

"ప్రయత్నిస్తానమ్మా."

"అందరికీ ఇదే చెబుతారా?"

"అందరికీ ఇదే చెబుతాను."

కారు డబ్బున్నవాళ్ల ఇళ్లుండే ప్యోంగ్‌చాంగ్ కొండ ఎక్కుతుంటే డ్రైవరు తక్ మొదలుపెట్టాడు. ఇద్దరూ పదేళ్లుగా కలిసి బెల్లులు కొడుతున్నారు.

"అన్నా, పోయినేడు వెళ్లిన ఇల్లు ఈ వీధిలోనేగా? తెల్ల కుక్క ఇల్లు."

"అవును."

"దాన్నైనా ఎక్కించుకుపోవాల్సింది. అడిగితే మొరిగేది. మనుషులు అదీ చెయ్యరు."

"మాట్లాడకుండా మలుపు చూసుకో."

మూడు గంటలకు ప్యో బెల్లు నొక్కాడు. ఫొటో కోసం ఫోను తీస్తుండగానే తలుపు తెరుచుకుంది. ఛైర్మన్ బ్యన్ టై కట్టుకుని, బూట్లు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి.

"ఏమయ్యా, ఇంత ఆలస్యం? పద."

ప్యో ఫోను జేబులో పెట్టేశాడు. ఉత్తర్వు చదివి వినిపించాలన్న సంగతే మరిచిపోయాడు. తక్ మోచేత్తో పొడిస్తే గుర్తొచ్చింది. గుమ్మంలోనే నిలబడి చదివాడు. బయలుదేరిన వెంటనే విచారణ గదికి ఫోన్ చెయ్యాలన్నది రూలు. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ వాడని రూలు.

"సాక్షి కారెక్కారు. ముప్పై అయిదు నిమిషాల్లో అక్కడుంటాం. అవునండీ, ఎక్కారు. నా పక్కనే ఉన్నారు."

"కొడుకు పుట్టినట్టు చెబుతున్నావే అన్నా," అన్నాడు తక్ అద్దంలో చూస్తూ.

ఛైర్మన్ గారి లాయరు వెనక తన కారులో వస్తున్నాడు. ముందు కారులో ఛైర్మన్‌కు ఏమీ తోచలేదు. చిన్న ఉద్యోగుల పక్కన కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు గోడ పక్కన కూర్చున్నట్టే మాట్లాడతారు. సొరంగం దగ్గర ట్రాఫిక్ ఆగింది.

"ఎప్పుడైనా ఫ్యాక్టరీ నడిపావా నువ్వు?"

"లేదండీ."

"అయితే నీకు తెలియదులే. వెనక తలుపు తెరిచి ఉంటే గంటకోసారి సిగరెట్టుకి పోతారు. స్పాంజి పక్కనే కాలుస్తారు. అందుకే మూడేళ్ల కిందట తాళంచెవులన్నీ తెప్పించి నా సొరుగులో పెట్టించాను. అది కూడా తప్పేనంటారు. ఇంటి యజమాని ఇంటికి తాళం వేసుకోడా?"

"అలాగాండీ," అన్నాడు ప్యో. ఆయన ఎవరేమన్నా అలాగే అంటాడు. తక్ అద్దంలోకి చూశాడు. ఈసారి జోకు వెయ్యలేదు.

మూడూ నలభైకి చేరారు. గదిలో ముప్పావు వంతు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఒక పక్షం సభ్యులు ఆ ఉదయం తమ లాప్‌టాప్‌ల వెనక నినాదాలు రాసిన కాగితాలు అతికించుకున్నారు. పదింటి నుంచి అవి అక్కడే ఉన్నాయి. ఎవరికీ కళ్లకు అడ్డం రాలేదు. సాక్షి బయలుదేరాడన్న కబురును సంఘం అధ్యక్షుడు చదివి వినిపించింది మూడూ అయిదుకి. మూడూ పదికి అవతలి పక్షం వాళ్లు లేచారు. ఆ కాగితాలు పీకితే గానీ కూర్చునేది లేదన్నారు. పీకేది లేదని వీళ్లన్నారు. బల్లలు చరిచారు. మూడూ ఇరవై అయిదుకి విరామం ప్రకటించారు. మళ్లీ ఎప్పుడన్నది చెప్పలేదు.

ఛైర్మన్ బ్యన్ సాక్షి కుర్చీలో కూర్చుని బార్లీ టీ తాగాడు. నాలుగున్నరకు లాయరు సెక్షన్ అధికారి దగ్గరికి వెళ్లాడు.

"మా వారు వేళకు హాజరయ్యారు. ఆ ముక్క రాసి ముద్ర వెయ్యండి."

ఆవిడ రాసి ముద్ర వేసింది. వేళకు వచ్చాడన్నది నిజమే. రాలేదన్న కేసు ఇక పెట్టడానికి లేదు. ఛైర్మన్ కోటు గుండీలు పెట్టుకుని బెంచీ ముందు నుంచే వెళ్లిపోయాడు. మా పత్రిక ఫొటోగ్రాఫర్లు పరుగెత్తారు. విచారణ వార్త రాయడానికి వచ్చిన నేను అక్కడే ఉండిపోయాను.

ప్యో నీళ్ల మెషీను దగ్గరికి వెళ్లాడు. ముప్పై అయిదు నిమిషాలని తను లెక్కగట్టి చెప్పకపోతే ఏమయ్యేదో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. గది ఖాళీ అవుతుందని ముందే తెలిసి ఛైర్మన్ తలుపు తీశాడని మాత్రం అప్పటికి మా ఇద్దరికీ అర్థమైంది.

"వచ్చాడుగా సార్," అంది మ్యోంగ్‌సూన్.

"వచ్చాడమ్మా."

"మళ్లీ పిలుస్తారా?"

"రెండు పక్షాలూ ఒప్పుకుంటే. ఒప్పుకోవు."

ఆమె కాళ్ల మీద కప్పుకున్న శాలువా మడతపెట్టింది. మడత సరిగా రాలేదు. మళ్లీ విప్పింది.

"దారంతా మీ పక్కనే ఉన్నాడు కదా. ఏమన్నాడు?"

కారులో విన్నది కారులోనే వదలాలన్నది ఆ సెక్షనులో రాయని నియమం. ప్యో అటూ ఇటూ చూశాడు. నీళ్లు పట్టుకున్నాడు, తాగాడు. తర్వాత చెప్పాడు. సొరుగు సంగతి, మూడేళ్ల సంగతి, సిగరెట్ల సంగతి, వరసగా.

ఆమె శాలువా మడత పూర్తిచేసి ఒళ్లో పెట్టుకుంది.

"మా ఆయన సిగరెట్టు కాల్చడు," అంది. తర్వాత: "రాసిస్తారా?"

"ఇస్తే నాకు చీవాట్లు పడతాయి."

"పడతాయి. రాసిస్తారా?"

ఆయన గోడకు ఆనించి రాశాడు. తేదీ, వేళ, కారు నంబరు, సొరంగానికి ఎంత దూరంలోనో. కింద సంతకం పెట్టాడు. పైకి వెళ్లి తన రిపోర్టులోనూ అదే రాశాడు. సెక్షన్ అధికారి చదివి కళ్లద్దాలు తీసింది.

"ప్యో గారూ, వచ్చాడా లేదా అన్నదే అడుగుతున్నారు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతూ ఇదేమిటి?"

"వచ్చాడనీ రాశానండీ. పై లైనులో ఉంది."

తర్వాత జరిగినదాంట్లో పెద్ద వార్త ఏమీ లేదు. ఒక సభ్యుడు ఆ కాగితం చదివాడు, మేము అచ్చువేశాం. ఇంజను మోతలో గుమాస్తా పొరపాటుగా విన్నాడని లాయరు అన్నాడు. విధుల్లో తెలిసిన విషయం బయటపెట్టినందుకు ప్యోకు హెచ్చరిక లేఖ వచ్చింది. తక్‌ను కూడా పిలిచి అడిగారు. అప్పుడు ఇంజను ఆగి ఉందని చెప్పి అతను ఇంటికి వెళ్లాడు. డిసెంబరులో కంపెనీ తన పాత జవాబును సవరించి పంపింది. షిఫ్టు ఇన్‌చార్జి అన్న మాట తీసేశారు. 'తాళంచెవి ఎవరి ఆధీనంలో ఉన్నదీ విచారించవలసి ఉన్నది' అని పెట్టారు. ఛైర్మన్ పేరు ఎక్కడా లేదు.

ఆ కాగితం చూసుకోవడానికి మ్యోంగ్‌సూన్ బస్సెక్కి సియోల్ వచ్చింది. ప్యో బల్ల ముందు నిలబడి చదివింది.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"కాపీలు ఇస్తారా, సార్? ఆరు కావాలి."

ఎవరి కోసమని ఆయన అడగలేదు. ఆ రోజు బెంచీ మీద కూర్చున్నవీ ఆరు కుటుంబాలే. జిరాక్సు మెషీనులో రంగు అయిపోవచ్చింది. ఆరోది మరీ వెలిసినట్టు వచ్చింది. మళ్లీ తీయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, కాగితం కిటికీ వైపు ఎత్తి చూసింది.

"కనబడుతోంది," అంది. ఆరూ కవర్లో పెట్టుకుని మూడు గంటల బస్సుకి వెళ్లిపోయింది.