రక్తం బాగుంటే కోస్తారు

రిపోర్టు ఫోన్లో వస్తుందన్నారు. మా ఊరు మద్దేడ్‌లో, ఇంట్లో నెట్‌వర్క్ రాదు, రోడ్డు మీదికి వెళ్ళాలి. ఆ రోజు నేను పాఠం చెప్పే స్కూలు నుంచి వచ్చినప్పటి నుంచీ ఇంటికీ రోడ్డుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. అమ్మ మాత్రం గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"కూసోరాదే. నువ్వు తిరిగితే రిపోర్టు జల్దొస్తదా?" అంది.

అమ్మకు డెబ్బై దాటాయి. మోసిన మోపుల బరువుకు గర్భసంచి జారింది. ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదు. నాట్లలో వంగి, లేవలేక బురదలో కూలబడితేనే నాకు తెలిసింది. జగదల్‌పూర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఆపరేషన్ ఇప్పుడే వద్దంది. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు తక్కువగా ఉందట. ఈ వయసులో అది తక్కువుంటే కుట్లు త్వరగా మానవు, మనిషి మంచం దిగడం ఆలస్యమవుతుంది. "అదొక్కటే అంతా చెప్పేయదు, కానీ ముందే హెచ్చరిస్తుంది. గుడ్లు, పప్పు, చేపలు బాగా పెట్టండి. నెల తర్వాత మళ్ళీ చూద్దాం" అని హిందీలో చెప్పింది. అమ్మ బుద్ధిగా తలూపింది. జన్మలో ఎవరి మాటకూ అలా తలూపని మనిషి. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

నాకు ముక్కు మీద కోపం. ఓపిక బొత్తిగా లేదు. నెలంతా అమ్మను పోరు పెట్టాను. సంత నుంచి నాటుగుడ్లు తెచ్చేదాన్ని. పొద్దున్నే పప్పు వండిపెట్టి స్కూలుకు పోయేదాన్ని. సాయంత్రానికి గిన్నెలు కడిగి బోర్లించి ఉండేవి.

"తిన్నవా?"

"తిన్న."

బుగ్గలు మాత్రం రోజురోజుకూ లోపలికి పోతున్నాయి. ఆమె అన్నం తినే వేళకు నేను ఇంట్లో ఉండను. ఉన్నప్పుడేమో ఆకలి లేదంటుంది.

ఆ రోజు పొద్దు గూకుతుండగా, నెల తర్వాత చేసిన రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. ఆల్బుమిన్ పెరగలేదు సరికదా, ఇంకాస్త తగ్గింది. ముందు ల్యాబ్ మీద కోపమొచ్చింది, తర్వాత సంతలో గుడ్లమ్మే ఆమె మీద. ఇంటికి వచ్చి చెబితే అమ్మ "అట్లనా" అని మళ్ళీ గింజలు తీసుకుంటూ కూర్చుంది. ఆ నింపాది చూసి నా ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆదివారం. మూల గంపలో మా కోడిపెట్ట పొదుగుతోంది. నూకలు వేయబోయి చూస్తే దాని కింద పట్టనన్ని గుడ్లున్నాయి. సగం నేను సంతలో కొన్నవే. పప్పు సంగతి అడగనక్కర్లేకపోయింది. పక్కింటి కుక్క ఈ మధ్య ఎందుకంత నున్నగా తయారైందో అర్థమైంది.

"ఇదేందమ్మా?"

"కడుపు కోసేముందల గుడ్డు, పప్పు తింటే చీము పడ్తదే. పథ్యముండాలె, గంజే తాగాలె. మా అమ్మ గట్లనే చెప్పేది."

"గంజి తాగితే బలమొస్తదా? రక్తం మంచిగ లేకుంటే డాక్టరమ్మ కొయ్యదు. నీకు చెప్పిన్నా లేదా?"

అమ్మ కోడిపెట్టకు నూకలు చల్లింది.

"చెప్పినవ్. ఎరికే" అంది. "అందుకే తినలే."

ఇన్నాళ్ళూ ఆమె రక్తం మొండికేసిందనుకున్నాను. మొండికేసింది అమ్మ.

"నొప్పికి భయమా?"

"నొప్పి నాకు కొత్తనా? మత్తిస్తరు గదా. మత్తు దిగేటప్పుడు పిలుస్తరట, పలకాలెనట. ఆళ్ళు హిందీల పిలుస్తరు."

"సంతల హిందీ, గోండి అన్నీ మాట్లాడుతవు గదమ్మా."

"సంతల మెలకువతోని ఉంట. నిద్దట్ల నాకు తెలుగే వస్తది. ఆళ్ళ పిలుపు సమజ్ గాక ఆడనే ఉండిపోతే?"

నవ్వబోయాను కానీ నవ్వు రాలేదు. నాకూ భయమేసింది. ఆ వారంలోనే జగదల్‌పూర్ వెళ్ళి, మత్తు దిగే గదిలో అమ్మ పక్కన ఉండనిస్తారా అని డాక్టరమ్మను అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, టోపీ, గౌను వేసుకుని ఉండమంది. ఆ మాట వచ్చి చెప్పాక అమ్మ తినడం మొదలుపెట్టింది. అప్పుడు కూడా మొహం చిట్లిస్తూనే తింది. మూడో రిపోర్టులో అంకె పెరిగింది. మరీ గొప్పగా కాదు, కోయడానికి డాక్టరమ్మకు ధైర్యం వచ్చేంత.

ఆపరేషన్ అయ్యాక మత్తు దిగే గదిలో అమ్మ మంచం పక్కన నిలబడలేక, కూర్చోలేక గోళ్ళు కొరుక్కుంటూ ఉన్నాను. నర్సు అమ్మ భుజం తట్టి "అమ్మా, ఆంఖేఁ ఖోలో" అని హిందీలో కళ్ళు తెరవమంది. అమ్మలో ఉలుకూ పలుకూ లేదు. నర్సు మళ్ళీ పిలిచింది. నేను వంగి నోరు తెరిచేలోపే అమ్మ "హాఁ" అంది, అచ్చం సంతలో అన్నట్టే. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి. చెయ్యి మాత్రం దుప్పటి మీద వెతుకుతోంది.

"బిడ్డా, నువ్వున్నవా?" అంది.

"ఉన్ననమ్మా" అన్నాను.