అమ్మ గది నేల

శామీర్‌పేటలో మా ఇంటి వెనక గట్టి వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. అందుకే అక్కడ గుంజల మీద ఎత్తుగా, అమ్మానాయినల కోసం ఒక కట్టె గది వేయాలనుకున్నాం. ఎవరు వేస్తారన్న మాటే రాలేదు. నాయిన మేడ్చల్ చుట్టుపక్కల పెంకుటిళ్లకు కప్పులు వేసిన వడ్రంగి. పెంకుటిళ్లు పోయాక ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చున్న మనిషి, గది వేసిన నెల రోజులూ పెళ్లికొడుకులా తిరిగాడు.

గది ముద్దుగా వచ్చింది. వాళ్లు అందులోకి మారిన రెండో రోజు సాయంత్రం నేను తుర్కపల్లిలో డ్యూటీ ముగించుకుని, కంపెనీ క్యాబు దిగి వచ్చేసరికి అమ్మ మా హాల్లో చాప పరుచుకుని ఉంది.

"ఆ గదిల గాలాడుతలేదు బిడ్డా" అంది.

మూడు వైపులా కిటికీలున్న గదిలో గాలాడకపోవడమేంటని గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పింది. అమ్మకు చెవి జబ్బు. అప్పుడప్పుడు తల తిరిగి పడిపోతుంది. ఆ గదిలో ఎవరు అడుగేసినా నేల అదురుతోందట.

"నా తల తిరుగుతాందో, నేల ఊగుతాందో సమజైతలేదు. మీ నాయినకు జెప్పకు, మనసు కష్టపెట్టుకుంటడు."

నా కడుపులో మాట దాగదు. వెళ్లి చెప్పేశాను.

"గిన్నేండ్లల్ల నేనేసిన దూలం ఒక్కటన్న ఇరిగిందా?" అని నాయిన లేచాడు. విరగదు, ఊగుతుంది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చెంబు నిండా నీళ్లు పోసి గది నడుమ పెట్టి, ఆయన్నే నడవమన్నాను. నాలుగో అడుగుకు నీళ్లు అంచు దాటాయి.

ఆ పూట నాయిన అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే గది కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, నన్ను పైన నడవమన్నాడు. కాసేపటికి కింది నుంచి ఆయన గొంతు వినిపించింది.

"నేల అనుకొని ఇంటి కప్పు ఏసిన బిడ్డా."

పెంకులు పెట్టిన చోటే ఉంటాయి, నడవవు. ఆ అలవాటు కొద్దీ సన్న దూలాలు దూరం దూరంగా వేశాడు. అవి బరువు మోస్తాయి, మనిషి అడుగుకు మాత్రం ఊగుతాయి. ఆయన మీద కోపం పోయి నాకు ఏడుపొచ్చింది.

సరిచేయడానికి వారం పట్టింది. దూలాల నడుమ భాగానికి ఆసరాగా ఇంకో వరుస గుంజలు పాతి, వాటి మీద అడ్డంగా మందపాటి దూలం పెట్టాడు. దూలానికీ దూలానికీ మధ్య కట్టె ముక్కలు బిగించాడు. పలకలకు కొట్టిన మేకులు పీకి స్క్రూలు వేశాడు. ఒక్కో పని అయ్యాక చెంబు పెట్టి నన్ను నడిపించేవాడు.

"దనదన నడువు, నీకు కోపమొచ్చినప్పటి లెక్క" అనేవాడు. చివరికి నేనెంత కోపంగా నడిచినా నీళ్లు కదల్లేదు.

అమ్మ మళ్లీ ఆ గదిలోకి మారింది. చెంబును మాత్రం నాయిన తీయలేదు. మూలన పెట్టి రోజూ పొద్దున నింపుతాడు.

మొన్న నేను అక్కడ ఉండగానే అమ్మ నడుస్తూ నడుస్తూ ఆగి గోడ పట్టుకుంది. ఒక్క ఉరుకున అటు వెళ్లాను. అమ్మ నన్ను చూడలేదు, చెంబును చూసింది. నీళ్లు నిలకడగా ఉన్నాయి.

"గిది నా తలనే" అని, తొందరపడకుండా మంచం మీద కూర్చుంది.

బయటి నుంచి నాయిన ఏమైందని అడిగాడు.

"ఏం లేదు" అంది అమ్మ కళ్లు మూసుకుని. "నీ నేల మంచిగనే ఉన్నది."