ముందున్న సున్నా

తిరుపతి గ్రంథాలయంలో రోజూ కిటికీ పక్కనే కూర్చునే ఆ రిటైరైన లెక్కల టీచరమ్మ పేరు నాకు తెలియదు. ఏ సంఖ్యనైనా ఆమె ఒకట్లు, సున్నాలుగా మార్చి రాసేది. వాటినే అటూ ఇటూ జరిపి అన్నిటికంటే పెద్ద సంఖ్య, అన్నిటికంటే చిన్న సంఖ్య చేసి, పెద్దదానిలోంచి చిన్నది తీసేసేది. వచ్చినదానితో మళ్లీ అదే పని.

హాస్టల్లో ఎవరితోనూ కలవలేక నేనూ రోజూ అక్కడికే వెళ్లేదాన్ని. ఒకరోజు ఆమె కాగితం నా వైపు జరిపింది.

"ఎనిమిదితో నువ్వు చెయ్యి పాపా."

ఒకట్లు, సున్నాల్లో ఎనిమిది అంటే 1000. అందులోంచి 0001, అంటే ఒకటి తీస్తే 0111, అంటే ఏడు. ముందున్న సున్నాకు విలువ లేదు కదా అని వదిలేసి 111 రాశాను. దాన్ని ఎలా జరిపినా మారదు. తీసివేస్తే ఏమీ మిగల్లేదు.

ఆమె పకపకా నవ్వింది.

"సున్నాని యాడ పారేసినావే? అదుంటే 1110లోంచి 0111, అంటే పద్నాలుగులోంచి ఏడు పోయి, మళ్లా ఏడే వస్తాది సూడు. ఎన్నిసార్లు చేసినా ఏడే. రేపు రా, ఇంకోటి చేద్దాం."

ఆ నవ్వుకు సిగ్గుపడి వారం రోజులు అటువైపు వెళ్లలేదు. వెళ్లేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆయమ్మ కార్వేటినగరంలో కూతురింటికి పోయినాది, ఇంక రాదంట," అన్నాడు అటెండరు. "పోయేదాకా దినామూ అడిగినాదమ్మా, ఆ మాట్లాడని పాప వచ్చినాదా అని."